దీవి చుట్టూ సముద్రం

రేపల్లె,
3-2-1972

బాపయ్యా,

మీ అత్తనురా, అంకాలమ్మను. నా చేతిరాత చూసి ఎవరికేమైందోనని కంగారు పడకు. ఇంట్లో మేమిద్దరం ఎప్పటిలాగే ఉన్నాం. కోడలు రత్తాలుకే నెల నుంచి కడుపులో నొప్పి, తిన్నది ఇమడటం లేదు. సొంఠి కాచి ఇస్తున్నాను. నా కాళ్ళు కూడా వాచాయి గానీ బుట్ట పట్టుకుని బజారుకు పోగలుగుతున్నాను.

నీకు ఉత్తరం రాసి చాలా ఏళ్ళయింది. మీ మామ పోయినప్పుడు కార్డు రాశాను, ఆ తర్వాత లేదు. ఈ నాలుగు అక్షరాలు నేను నేర్చుకున్నదే మా నాంచారయ్య కోసం. మీరిద్దరూ పటాలంలో చేరి సింగపూరు పోయాక, వాళ్ళచేతా వీళ్ళచేతా రాయిస్తే నా మాటలు నావిలా ఉండటం లేదని పంతులుగారి భార్య దగ్గర కూర్చుని దిద్దుకున్నాను. నాకు రాయడం వచ్చేసరికి ఆ ఊరు జపానువాళ్ళ చేతికి పోయింది. రాసినవన్నీ తిరిగొచ్చాయి.

సంగతి ఏంటంటే, మొన్న బజారులో ఎండుచేపలు పొట్లం కడుతుంటే కాగితం మీద జపాను అనే మాట కనపడింది. పొట్లం విప్పి చదివాను. బేరానికొచ్చినామె చెయ్యి చాపుకుని నిలబడే ఉంది. గువామ్ అనే దీవిలో జపాను సిపాయి ఒకడు అడవిలోంచి బయటపడ్డాడట. యుద్ధం అయిపోయిందని నమ్మక ఇరవై ఎనిమిదేళ్ళు దాక్కునే ఉన్నాడట. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో కాపురం. చెట్టు నార తీసి బట్ట నేసుకున్నాడట. ఏట్లో రొయ్యల బుట్ట పెట్టడానికి వచ్చి దొరికిపోయాడట. అక్కడికి కాగితం చిరిగిపోయింది. మిగతాది మన పక్క వీధిలో ఉండే రైల్వే గుమాస్తా సంజీవరావుగారిని అడిగి చదివించుకున్నాను. యుద్ధానికి ముందు ఆ జపానువాడిది దర్జీ పనట.

దర్జీవాడు బతికాడు బాపయ్యా. మనవాడికి నడక కంటే ముందు ఈత వచ్చింది. బుట్ట అల్లడం నా ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నాడు. బురద మీద గుర్తు చూసి ఏ పీత ఎటు పోయిందో చెప్పేవాడు. దీవి అంటే చుట్టూ సముద్రమే కదా. సముద్రం ఉన్నచోట నా కొడుకు పస్తుంటాడా?

మీరిద్దరూ ఒకే ఓడలో పోయారు. తిరిగి వచ్చింది నువ్వొక్కడివి. బావ గల్లంతయ్యాడని చెప్పావు. అప్పుడు నీ ఒంటిమీద మాంసం లేదు, చూపు నిలవడం లేదు, గట్టిగా అడగడానికి నాకు మనసొప్పలేదు. తర్వాత నువ్వే మా గడప తొక్కడం మానేశావు. ఇప్పుడు అడుగుతున్నాను. మీరున్నది ఈ దీవేనా? కాకపోతే దానికి ఎంత దూరం? మొన్న డిసెంబరు యుద్ధంలో పట్టుబడిన పాకిస్తాన్ సిపాయిల్ని మనవాళ్ళు అన్నం పెట్టి కూర్చోబెట్టారని చెప్పుకుంటున్నారు. మనవాణ్ణి అడిగేవాళ్ళు లేరా? అర్జీ ఎవరికి పెట్టాలో రాయి.

రత్తాలుకి ఈ వార్త చెప్పాను. పొయ్యి ఊదుతూ వింది. సాయంత్రం చూస్తే కొత్త గాజులు వేసుకుంది. అడిగితే పాతవి చిట్లాయంది.

కార్డు మీద రాయకు, కవరులో పెట్టు. ఇక్కడ పోస్టుమాను ముందు తను చదువుకుని తర్వాత ఇస్తాడు.

మీ అత్త,
అంకాలమ్మ


బాపట్ల,
11-2-1972

అత్తకు బాపయ్య దణ్ణం పెట్టి రాస్తున్నాను.

నీ కవరు అంది నాలుగు రోజులైంది. మిల్లులో ధాన్యం బళ్ళు దిగే రోజులు, గేటు వదలడానికి లేదు. ఎల్లుండి శివరాత్రి, సూర్యలంక స్నానాలకు పోయే జనమంతా మా గేటు ముందు నుంచే పోతారు. అందులో సగంమంది మంచినీళ్ళు అడుగుతారు. ఇదంతా జవాబు ఆలస్యమైనందుకు సాకు అనుకున్నా అనుకో.

చెల్లెమ్మకు సొంఠితో సరిపెట్టకు. నెల నుంచి నొప్పి అంటే చిన్న సంగతి కాదు. తెనాలి పెద్దాసుపత్రికి తీసుకుపో.

ఆ వార్త నేనూ విన్నాను. మిల్లు ఆఫీసులో రేడియో చెబుతుంటే గుమాస్తాలందరూ నా వంక చూశారు, వాడు నాకు చుట్టమన్నట్టు. ఒకడు, “ఏం బాపయ్యా, నువ్వు తొందరపడి వచ్చేశావే” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

ఆ దీవి మాది కాదత్తా. మాది న్యూ బ్రిటన్. రబౌల్ అనే రేవులో దించారు. మన నిజాంపట్నంలో పడవ ఎక్కి తీరం వెంట కలకత్తా పోయి, మళ్ళీ తిరిగొస్తే ఎంతో, ఆ రెండు దీవుల మధ్య అంత సముద్రం ఉంది.

దీవి, అడవి అనగానే నీ కళ్ళకు నిజాంపట్నం మడ చెట్లు కనపడుతున్నాయి. వేళ్ళ మధ్య చెయ్యి పెడితే పీత, కాలువకు అడ్డంగా వల కడితే రొయ్య. ఆ అడవి అలాంటిది కాదు. కొండలు, ఆ కొండల నిండా ఆకాశం కనపడనంత చెట్లు. రోజూ వాన. తోలు బూట్లు వారం తిరిగేలోగా బూజుపట్టి విడిపోయేవి. ఆకుల మీంచి జలగలు మెడలో పడేవి. పక్కమనిషి పదడుగులు ముందుకు పోతే ఇక కనపడడు, వాడి దగ్గు వింటూ నడవాలి.

మాకు బెంగుళూరులో నేర్పింది ఎడారి యుద్ధం. రోడ్లు, వంతెనలు వేసే పటాలం కదా, ఇసుకలో రోడ్డు ఎలా వేయాలో నేర్పి, మలయాలో రబ్బరు తోటల మధ్య దించారు. వెనక ఉన్న అడవి దాటి ఎవరూ రాలేరని దొరలు చెప్పారు. జపానువాళ్ళు ఆ అడవి పక్క దారుల్లో సైకిళ్ళ మీద వచ్చారు. టైర్లు పోయాక ఉత్త చక్రాల మీద తొక్కుకుంటూ వచ్చేవాళ్ళు, ఆ చప్పుడుకు టాంకులొస్తున్నాయని మేం పరుగెత్తాం. అలా సింగపూరు దాకా పరుగెత్తి అక్కడ చేతులెత్తాం. తర్వాత ఓడ అడుగున కుక్కి ఆ దీవికి తీసుకుపోయారు. అక్కడ వాళ్ళనీ మమ్మల్నీ కూడా అడవే చంపింది. తూటాకు పోయినవాళ్ళకంటే చలిజ్వరానికి, రక్తవిరేచనాలకు పోయినవాళ్ళు ఎక్కువ.

పేపర్లో మనిషి దాక్కున్నవాడు. వాడిష్టం వచ్చినచోట గొయ్యి తవ్వుకున్నాడు. మేం ఖైదీలం. పొద్దున సాయంత్రం తలలు లెక్కపెట్టేవాళ్ళు. సముద్రం చప్పుడు వినపడేది గానీ అటు పోకూడదు. ఓడలకు సైగలు చేస్తామని వాళ్ళ భయం. చేపలున్నాయి అత్తా, సముద్రమూ ఉంది. మాకే లేదు.

అర్జీలు పెట్టకు. దానివల్ల ఏమీ రాదు. చెల్లెమ్మను డాక్టరుకు చూపించి ఆ సంగతి రాయి.

బాపయ్య


రేపల్లె,
20-2-1972

బాపయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. జలగలున్నాయి, బూట్లున్నాయి, సైకిళ్ళున్నాయి. నా కొడుకు లేడు అందులో. అంత పెద్ద ఉత్తరంలో వాడి పేరు ఒక్కచోట రాయడానికి నీకు చెయ్యి రాలేదు.

మాకే లేదు అన్నావు. మరి నువ్వేం తిని వచ్చావు? నీకు చిన్నప్పుడు ముల్లు తీసి పెడితే గానీ చేప తినడం రాదు. వాడు పట్టేవాడు, నువ్వు తినేవాడివి. తినేవాడు ఇల్లు చేరి, పట్టేవాడు గల్లంతయ్యాడంటే నేనెలా నమ్మను? ఏ కొండ దగ్గరో వాణ్ణి వదిలి వచ్చి ఉంటావు. ఈ మాట ఇన్నాళ్ళూ నా మనసులో ఉంది. ఇప్పుడు రాశాను. కోపం తెచ్చుకుంటే తెచ్చుకో.

రత్తాలును తెనాలి తీసుకుపోయాను. రైలు దిగి ఆసుపత్రి దాకా రిక్షాలో పోతుంటే ఓట్ల జీపులు అడ్డం. మైకుల గోలకు పాపం చెవులు మూసుకుని నా భుజం మీద వాలిపోయింది. ఎముకలగూడు బాపయ్యా. ఎత్తుకుంటే నా చేపల బుట్ట అంత బరువు లేదు. డాక్టరుగారు కడుపు నొక్కి చూశారు. లోపల గడ్డ ఉంది, పెద్దదైంది, ముందే రావలసింది అన్నారు. గుంటూరు తీసుకుపోనా అని అడిగాను. తీసుకుపోయినా చేసేదేమీ లేదమ్మా, నొప్పి తెలియకుండా చూద్దాం అన్నారు. వారం తర్వాత మంచం ఇస్తామంటే ఇంటికి తెచ్చుకున్నాను.

ఈ సంగతి తెలిసి మన కులపెద్ద బసవపున్నయ్య వచ్చాడు. పరామర్శకే వచ్చాడు, కాసేపు వాకిట్లో కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. లేచి పోతూ అడిగాడు, అది పోతే ఎలా పంపాలి అని. మన ఇళ్ళలో మొగుడు ఉండగా పోయినదానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, జడ నిండా పూలు పెట్టి ముత్తయిదువులు సాగనంపుతారు. మొగుడు పోయినదాన్ని ఎలా తీసుకుపోతారో మీ అమ్మప్పుడు చూశావుగా. మనిషి కనపడకుండా పోయి పన్నెండేళ్ళు దాటితే గడ్డిబొమ్మ చేసి కర్మ చేయించాలట, నేను చేయించలేదట. అది నిజమే. ఎవరెన్నిసార్లు చెప్పినా నేను ఒప్పుకోలేదు. రత్తాలు బొట్టు చెరపనివ్వలేదు.

“ఇన్నాళ్ళూ నీ మాట మీద ఊరుకున్నాం అంకాలమ్మా. ఏదో ఒకటి తేల్చు. శవాన్ని వాకిట్లో పెట్టుకుని పంచాయితీ చెయ్యలేం” అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అది గుమ్మం వెనక పడుకుని అంతా వింది.

నాకు నువ్వొక్క మాట రాయి. ఉన్నాడా, లేడా.

అంకాలమ్మ


బాపట్ల,
28-2-1972

అత్తకు,

నన్ను ఏమన్నా పడతాను. కానీ తేల్చాలని నీకు ఇప్పుడెందుకనిపించింది? చావబోయే మనిషి చేతి గాజులు తీయించి, బసవపున్నయ్యగారి దగ్గర మంచి అనిపించుకోవడానికా? ఇరవై ఆరేళ్ళు ఆ బొట్టు చెరపనివ్వలేదే, ఇంకో నెల ఆగలేవా? అలాంటిదానికి నా చేత మాట పలికించకు.

ఏం తిని వచ్చావని అడిగావు. అది చెబుతాను.

మేం చేరిన మరుసటి ఏటికి అమెరికా విమానాలు మొదలయ్యాయి. వాళ్ళు వచ్చి దిగుతారు, యుద్ధం జరుగుతుంది, బతికితే విడుదలవుతాం అని ఎదురుచూశాం. జపానువాళ్ళూ ఎదురుచూశారు, మా చేత కొండల్లో గుహలు తవ్వించి అందులో ఆసుపత్రులు, గోదాములు పెట్టుకున్నారు. ఎవరూ దిగలేదు. మా రేవును పట్టుకునే పని కూడా లేదనుకున్నారు. సముద్రం మీద దారులు మూసి, పైనుంచి బాంబులు వేస్తూ, మమ్మల్ని పక్కన పెట్టి ముందున్న దీవులకు పోయారు. తిండి ఓడలు ఆగిపోయాయి. లక్షమంది దాకా జపాను సైన్యం ఉంది అక్కడ. తుపాకులు పక్కన పెట్టి చిలగడదుంపలు నాటారు. యుద్ధమంటే ఎవరో గెలవడం, ఎవరో ఓడడం అనుకుంటాం. మమ్మల్ని గెలవడానికి కూడా ఎవరూ రాలేదత్తా.

దుంప వాళ్ళకి, దుంపాకు మాకు. బొప్పాయి చెట్టు కాండం చెక్కి ఉడకబెట్టుకున్నాం. మిడతలు, ఎలుకలు, పాములు తిన్నాం. రాత్రి ఎవరైనా మూలగడం ఆగిపోతే పొద్దున వాడి పళ్ళెం ఎవరికని చూసుకునేవాళ్ళం. నేనూ చూసుకున్నాను. కాళ్ళు ఉబ్బి, వేలు పెట్టి నొక్కితే ఆ గుంట అలాగే ఉండిపోయేది. ఆస్ట్రేలియా వాళ్ళు వచ్చి మమ్మల్ని తీసుకుపోయేసరికి యుద్ధం అయిపోయి నెల దాటింది.

బావ సంగతి ఉత్తరంలో రాయలేను. మొదలుపెట్టి రెండు కాగితాలు చింపాను. వచ్చే ఆదివారం తెనాలి వస్తాను. వార్డులోకి రాను. మద్రాసు వైపు పోయే బండ్లు ఆగే ప్లాటుఫారం మీద, మంచినీళ్ళ కుళాయి దగ్గర ఉంటాను. నువ్వొక్కదానివే రా.

బాపయ్య


తెనాలి, ఆసుపత్రి,
9-3-1972

బాపయ్యా,

వార్డు బయట అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. రత్తాలుకి నర్సమ్మ సూది ఇచ్చింది, నిద్రపోయింది. పక్క మంచం వాళ్ళది అమృతలూరు. వాళ్ళమ్మాయి స్కూల్లో చదువుతుంది, ఈ కాగితాలు ఆమె ఇచ్చింది.

ఆ రోజు నేను ఏడవలేదని నువ్వు భయపడ్డావు. మంచినీళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డావు. నువ్వు చెబుతుండగా బండి వచ్చింది. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు మనల్ని తోసుకుంటూ పోయారు. ఒకామె తట్ట నా కాళ్ళమీద దించి ఎంత సేపటికీ తీయలేదు. నువ్వు మాట ఆపి, బండి పోయాక మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టావు. అంత రద్దీలో పోయాడు నా కొడుకు. ఏడ్చే చోటా అది?

నాకు సరిగ్గా అర్థమైందో లేదో రాస్తాను. తప్పుంటే చెప్పు.

జ్వరాలవాళ్ళ గుడిసెలో పదిమంది దాకా ఉన్నారు. మావాడు అడవి తీగలతో బుట్ట అల్లి వాగులో పెట్టేవాడు. కాపలా జపానువాళ్ళలో ఒకడిది కూడా చేపలు పట్టే ఊరే. వాడు తన వాటా తీసుకుని చూడనట్టు ఊరుకునేవాడు. కొన్నాళ్ళకు వాగులో చేప అయిపోయింది. అప్పుడు మావాడు, అమావాస్యకు సముద్రం బాగా వెనక్కి తీస్తుంది, రాళ్ళన్నీ బయటపడతాయి, గుల్లలూ పీతలూ చేత్తో ఏరుకోవచ్చు అన్నాడు. ఒడ్డుకు పోవద్దు బావా అని నువ్వు అంటే, “నీరెప్పుడు తీస్తుందో నాకు చెబుతావట్రా?” అని నవ్వాడు.

వాడు అన్నట్టే నీరు తీసింది. మోకాలి లోతులో వంగి ఏరుకుంటున్నాడు. విమానం కొండ అవతల నుంచి వచ్చింది. జపానువాళ్ళది కాదు, అమెరికావాళ్ళది. మన వైపు వాళ్ళది. గోచీ పెట్టుకుని ఒడ్డున వంగిన మనిషిది ఏ దేశమో పైనుంచి ఎవరికి తెలుస్తుంది? ఒక్కసారి కాల్చి పోయింది, మళ్ళీ వెనక్కి కూడా తిరగలేదు. నువ్వూ ఇంకో ఇద్దరూ పోయి వాణ్ణి తెచ్చి, ఇసుకలో కాకుండా చెట్ల కింద గట్టి నేలలో పెట్టారు.

దీవి చుట్టూ సముద్రమే కదా అని నీకు రాశాను. బజారులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ మాటే చెప్పుకుని తిరిగాను. వాడూ అదే అనుకున్నాడు. నేను కన్నవాడు కదా.

ఆ రోజు ఏరినవి ఏ జ్వరంవాడికోసమని నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఆ మాట అక్కడే ఉండనీ. నేను కిందటి ఉత్తరంలో రాసిన మాటలు మాత్రం చింపి పొయ్యిలో వెయ్యి.

నువ్వు చెప్పిన రెండో సంగతే నాకు ఇంకా మింగుడుపడటం లేదు. తిరిగొచ్చిన రోజే నువ్వు పెనుమూడి రేవులో మీ మామకు ఇదంతా చెప్పేశావని. ఆయన పడవ తాడు పట్టుకుని నిలబడి, “ఈ మాట ఇంటికి తేకురా. ఆ పిల్ల మొహం నేను చూడలేను. గల్లంతయ్యాడని చెప్పు” అన్నాడని. ఏ నెలో తెలియదు మామా, అమావాస్య అని మాత్రం తెలుసు అన్నావట. ఇప్పుడు తెలిసింది నాకు. పోయేదాకా ప్రతి అమావాస్యకీ పొద్దున్నే రేవుకు పోయి స్నానం చేసి, అన్నం ముద్ద గట్టున పెట్టి, కాకి ముట్టేదాకా కదిలేవాడు కాదు. పెద్దలకు పెడుతున్నాడు అనుకున్నాను. నెల తెలియక అన్ని నెలలూ పెట్టాడు.

ఆయన మీద కోపం వస్తోంది నాకు. యుద్ధం అయిన ఏడాదికి రత్తాలు పుట్టింటివాళ్ళు వచ్చారు. చిన్నపిల్ల, మన కులంలో మారుమనువు ఉన్నదే కదా, తీసుకుపోయి చేస్తాం అన్నారు. నా కోడలికి మొగుడున్నాడు అని గుమ్మంలో నిలబడి వాళ్ళను పంపేశాను. ఆయన నా వెనకే ఉన్నాడు. నోరు విప్పి ఉంటే అది ఇంకో ఇంట్లో నలుగురు పిల్లల తల్లి అయి ఉండేది. మంచివాడు అనుకోవాలో ఏమనుకోవాలో తెలియదు. పోట్లాడదామంటే మనిషి లేడు. ఉన్నా నాకు ఓపిక లేదు. అలిసిపోయాను బాపయ్యా.

ఇంకోమాట. గాజులు తీయించడానికి అడుగుతున్నాననుకున్నావు నువ్వు. పిచ్చివాడా. ఉన్నాడు అని నువ్వొక ముక్క రాస్తే అది బసవపున్నయ్య చేతిలో పెట్టి, దాన్ని పసుపుతో పంపించుకుందామని అడిగాను. కనపడకుండా పోయిన మొగుడికోసం ఎదురుచూసింది, పూలతో అయినా పోనీ అని. ఇప్పుడు నువ్వు చెప్పింది నేనేం చేసుకోను? వాళ్ళడిగితే ఏమనను? నా నోటితో నేను ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. నమ్మిందే చెప్పాను.

ఎల్లుండి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇక్కడ చేసేదేమీ లేదట.

అత్త


బాపట్ల,
14-3-1972

అత్తకు బాపయ్య దణ్ణాలు.

నువ్వు రాసింది అంతా సరే. తప్పులేమీ లేవు. గుడిసెలో ఉన్నది తొమ్మిదిమందిమి.

మిల్లులో సెలవు అడిగాను. ఏ పూట రమ్మంటే ఆ పూట వస్తాను. బసవపున్నయ్యగారి ముందు కూర్చోబెట్టి నాంచారయ్య ఉన్నాడా అని నన్ను అడగనీ. నువ్వు ఉన్నాడని చెప్పమంటే ఉన్నాడని చెబుతాను, లేడని చెప్పమంటే జరిగింది చెబుతాను. మామ నా చేత ఒక మాట ఆడించాడు. నువ్వు ఇంకోటి ఆడించినా నాకేమీ బరువు కాదు. అలవాటైంది.

తెనాలి దాకా వచ్చి చెల్లెమ్మను చూడకుండా పోయానని నీకు మనసులో ఉంటుంది. ఆసుపత్రి గేటు దాకా వచ్చాను. లోపలికి వస్తే అది, అన్నా, బావగారి సంగతి ఏమన్నా తెలిసిందా అని అడుగుతుంది. అది అడిగిందంటే నా మొహం ఆగదు. బత్తాయిలు కొన్నాను, గేటు దగ్గర ముసలామెకు ఇచ్చి వెనక్కి వచ్చాను.

మారుమనువు సంగతి నువ్వు రాసిన తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఆ సంబంధం నాకు తెలియదు. తెలిస్తే మామ మాట దాటేవాణ్ణేమో. దాటేవాణ్ణి కాదేమో.

బాపయ్య


రేపల్లె,
26-3-1972

బాపయ్యా,

రత్తాలు పోయింది. గురువారం పొద్దెక్కాక. నీకు టెలిగ్రాం కొట్టించలేదు, కావాలనే. ఎందుకో చెబుతాను, ఓపికగా చదువు.

ఉగాది వెళ్ళిన రెండో రోజో మూడో రోజో, నొప్పి కాస్త తగ్గి తెలివిగా ఉంది. గంజి పడుతున్నాను. చెంచా పక్కన పెట్టించి, “అన్న తెనాలి వచ్చాడంట కదా” అంది. పక్క మంచం పిల్ల ప్లాటుఫారం మీద మనల్ని చూసిందట, చెప్పేసింది. వచ్చాడమ్మా, బండి తొందర, వెళ్ళిపోయాడు అన్నాను. అది నవ్వింది.

“అంత దూరం వచ్చి నా మంచం దగ్గరికి రాకుండా పోయాడంటే ఏం చెప్పి ఉంటాడో నాకు తెలుసులే అత్తా” అంది.

నా చెయ్యి పట్టుకుని మళ్ళీ అంది, “బొట్టు తీసేసి పడుకోమంటావా, ఉంచుకోమంటావా? నీ ఇష్టం.”

“ఉంచుకో” అన్నాను.

“మామ బాధపడతాడని ఉంచుకున్నాను, తర్వాత నువ్వు బాధపడతావని ఉంచుకున్నాను. ఆయనతో చేసింది ఏడాది కాపురం. మొహం కూడా సరిగ్గా గుర్తులేదు అత్తా, నవ్వు ఒక్కటే గుర్తుంది. మిగతా కాపురమంతా నీతోనే చేశాను” అంది. తర్వాత గంజి చల్లారిపోయిందని నన్ను కసిరింది. పిల్లగా వచ్చినప్పటి నుంచి వేడి లేకపోతే దానికి దిగదు.

అంతే బాపయ్యా. ఆ తర్వాత మేం ఆ సంగతి మాట్లాడుకోలేదు. పోయేముందు రోజు నెరిసిన తలకు నూనె రాసి దువ్వమంది. దువ్వాను.

గురువారం వీధివాళ్ళంతా వచ్చారు. ఆడవాళ్ళు వాకిట్లో, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డారు. పసుపు తెచ్చినవాళ్ళు కొంగు కింద దాచుకుని తెచ్చారు. ఆ గంగరత్నం ఊరుకోలేక, “వాడు వస్తే ఇప్పుడు మనవణ్ణి ఎత్తుకునే వయసు. ఎవరికోసమమ్మా ఈ ముత్తయిదువతనం” అని పక్కామెతో అంటుంటే విన్నాను. బసవపున్నయ్య నా ఎదురుగా నిలబడి, అందరూ వినేలా అడిగాడు.

“ఏం తేల్చావు అంకాలమ్మా?”

నేను ఆయన మొహం చూసి చెప్పాను. “నా కొడుకు పోయాడని నాకెవరూ చెప్పలేదు.”

నన్ను చూశాడు, వాకిట్లో మీ మామ కూర్చునే చోటు చూశాడు. మీ మామకు ఆయన స్నేహితుడు, ఎంత తెలుసో నాకు తెలియదు. ఇద్దరూ ఆ రేవులోనే కదా బతికింది. ఆఖరికి, “అయితే పసుపు కలపండి. పొద్దెక్కిపోతోంది” అని అటు తిరిగిపోయాడు.

నేను విధవను, ముట్టుకోకూడదు. గోడవారగా కూర్చుని చూశాను. ఒళ్ళంతా పసుపు రాశారు. రూపాయి కాసంత బొట్టు పెట్టారు. ఎర్ర చీర సంజీవరావుగారి భార్య తెచ్చింది. పూలు ఎక్కువై తల కింద పట్టలేదు, పక్కన పోశారు. గంగరత్నమే దగ్గరుండి జడ అల్లింది. దాని చేతివాటం మంచిది, ఆ మాట చెప్పుకోవాలి. ఇంత అందంగా ఉండేదా మన రత్తాలు అని అందరూ అన్నారు. కాలువ గట్టు దాకా ముత్తయిదువులు వెంట పోయారు. ఊరు తక్కువ చేయలేదు.

నిన్ను ఎందుకు పిలవలేదో ఇప్పుడు తెలిసిందా? నువ్వొచ్చి ఉంటే ఎవరో ఒకరు నిన్ను అడిగేవాళ్ళు. నీ మొహం ఆగదని నువ్వే రాశావు.

ఏప్రిల్ రెండున పెద్దదినం. దానికి కూడా రాకు. అది ముత్తయిదువగానే పిండం అందుకోవాలి. అంతవరకు వాడు ఉన్నట్టే. ఎవరడిగినా ఏ కబురూ లేదనే చెబుతున్నాను. ఇన్నాళ్ళూ నమ్మి చెప్పినప్పుడు సగంమంది నవ్వారు. ఇప్పుడు నమ్మకుండా చెబుతుంటే అందరూ తల ఊపుతున్నారు.

పెద్దదినం అయిన నాలుగైదు రోజులకు రా. రైలు దిగి నేరుగా ఇంటికి రా, రేవుకు పోకు, స్టేషన్లో నిలబడకు. బసవపున్నయ్యను, నలుగురినీ పిలిచి వాకిట్లో కూర్చోబెడతాను. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడాది చెప్పాల్సినది అప్పుడు చెప్పు. గుడిసె, అమావాస్య, నీరు తీయడం, విమానం, ఏదీ వదలకుండా, నాకు మొదటిసారి చెబుతున్నట్టే చెప్పు. మర్నాడే గడ్డిబొమ్మ చేయించి వాడికి జరగాల్సింది జరిపిద్దాం. నువ్వే చెయ్యాలి, వాడికి ఇంకెవరున్నారు.

నువ్వు చెప్పగానే నేను ఏడుస్తాను. తెనాలిలో ఏడవనందుకు నువ్వు బెంగపడ్డావు కదా. ఆ రోజు నన్ను ఊరుకోమనకు. ఎవరినీ ఊరుకోమననివ్వకు.

మీ అత్త,
అంకాలమ్మ